మడత వదలని బాణాలు

నేను దర్జీని. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో రెండు మిషన్లూ ఒక ఇస్త్రీ బల్లా పట్టేంత కొట్టు నాది. నా పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరూ రాయిస్తే బోర్డు పక్క కొట్టు మీదికి పోతుందని వి.వి.ఎస్. టైలర్స్ అని రాయించాను. నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు, సందులో ఎవరినడిగినా చెబుతారు. కొలతలిచ్చి, గుడ్డ కోశాక వచ్చి "ఇంకాస్త వదులుగా కుట్టండి" అనేవాళ్ళని గుమ్మంలోంచే పంపించేసిన రోజులున్నాయి.

ఇది రెండువేల అయిదు, ఆరు, ఏడు సంవత్సరాల మాట. పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవర్ కోసం రోడ్డంతా తవ్విపోసి ఉండేది. మైత్రీవనం ముందు నడిస్తే జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ నాలుగడుగులకో కాగితం చేతిలో పెట్టేవాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళకి నలుగురికి కలిపి ఒక మంచి ప్యాంటు ఉండేది. ఒకడి ఇంటర్వ్యూ అయ్యాక అదే ప్యాంటు ఇంకొకడికి. పొట్టివాడికి అడుగున మడత పెట్టాలి, పొడుగువాడికి విప్పాలి. వాళ్ళని తిడుతూనే ఆ పని చేసిపెట్టేవాణ్ణి.

ఈ మడత గురించి కొంచెం చెప్పాలి. ఎదిగే పిల్లలకి బట్టలు కుట్టేటప్పుడు గౌను అంచునా, లాగు అడుగునా, చేతుల చివరా రెండు మూడంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టేస్తాం. పిల్ల ఎదిగాక ఆ కుట్టు విప్పితే చాలు, అదే గౌను ఇంకో రెండేళ్ళు వస్తుంది. బడులు తెరిచే జూన్‌లో నా కొట్టుకొచ్చే తల్లులంతా చెప్పే మొదటి మాట ఇదే. "ఎదిగే పిల్లండీ, మడత కాస్త ఎక్కువ వదలండి." చెప్పినా చెప్పకపోయినా నేను వదులుతాను. ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్లకీ మర్చిపోలేదు.

మా సుమశ్రీ మాకు ఒక్కతే కూతురు. దర్జీ కూతురు కాబట్టి దానికి మడతలు మరీ ఎక్కువ. యూనిఫారం మోకాళ్ళు దాటి పిక్కల మీద వేలాడేది. బూట్లలో ముందు దూది కూరి వేసేవాళ్ళం. సైకిలు కొంటే రెండేళ్ళదాకా కాళ్ళు నేలకి అందలేదు.

"నాన్నా, మనింట్లో నాకు సరిపోయేది ఒక్కటైనా ఉందా?" అని అడిగింది పదకొండో ఏట.

"నోరుంది కదే. అదీ రెండు సైజులు ఎక్కువే," అన్నాను.

సీతామహాలక్ష్మి, అంటే మా ఆవిడ, వంటింట్లోంచి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ ఏడే వాళ్ళ బళ్ళో విలువిద్య మొదలుపెట్టారు. శ్రీనగర్ కాలనీలో బడి. ఆటల మాస్టారు కామరాజుగారు వెదురు విల్లులూ చెక్క బాణాలూ తెప్పించి, మైదానం చివర గడ్డి బోర్డు కట్టి పిల్లలకి నేర్పేవారు. దేనికీ నిలకడగా కూర్చోని మా పిల్ల దానికి మాత్రం అతుక్కుపోయింది. ఒకరోజు మాస్టారు నన్ను పిలిపించారు.

"సత్యంగారూ, మీ అమ్మాయికి చూపు బాగుందండి. కానీ బడి బాణాలతో లాభం లేదు. ఎవరి బాణం వారి చేతికి తగ్గట్టు ఉండాలి. ఓ ఆరు చేయించండి," అన్నారు.

నా ఎదుటే పిల్ల చేత ఒక పొడుగాటి పుల్లని విల్లుకి తగిలించి, తాడు గడ్డం దాకా లాగించారు. విల్లు దగ్గర పుల్ల మీద సుద్దతో గీత గీశారు. ఇరవై మూడంగుళాలు వచ్చింది. వేళ్ళకి గుచ్చుకోకుండా ఒక అంగుళం కలిపి ఇరవై నాలుగు కొయ్యమన్నారు. కొలత తీసుకోవడం చూస్తే నాకు ముచ్చటేసింది, ఈయన కూడా మా కులవృత్తివాడే అనుకున్నాను.

మా కొట్టుకి ఎదురుగా హాషం కొట్టు. ఫోటోలకి ఫ్రేములు కడతాడు. కోచింగ్ సెంటర్లకి కంప్యూటర్లు వచ్చే చెక్కపెట్టెలు తూకానికి కొని, విడగొట్టి వాడుకునేవాడు. విదేశపు చెక్క, తెల్లగా, కణుపులు లేకుండా ఉండేది. బాణాలనగానే నాకంటే అతనికే హుషారొచ్చింది.

"గీ చెక్క చూడు సత్యంభాయ్. నార ఈ కొస నుంచి ఆ కొస దాంక సీదా పోయింది. మధ్యల బయటికొచ్చే నార ఉన్నదనుకో, ఇడిచిపెట్టంగనే ఇరిగి చేతిల దిగుతది. బిడ్డ చెయ్యి గద, జర చూసి తియ్యాలె," అన్నాడు.

ఇరవై పుల్లలు చీల్చాడు. చిత్రిక పట్టి మొదట నాలుగు పలకలు, తరవాత ఎనిమిది పలకలు, ఆ తరవాత గరుకు కాగితంతో రుద్ది గుండ్రం చేశాడు. వంకర ఉన్నవాటిని స్టవ్ మంటకి దూరంగా వేడిచేసి, వంపుకి ఎదురుగా వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చునేవాడు. అన్నీ ఒకేలా వంగే పుల్లలు కావాలని మాస్టారు చెప్పారు. అందుకని రెండు మేకుల మీద పుల్ల ఆనించి, నడుమ నా పెద్ద కత్తెర వేలాడదీసి చూశాం. ఇరవైలో ఒకే మాదిరి వంగినవి ఆరే దొరికాయి.

"ఎంతకు కొయ్యాలె?" అన్నాడు రంపం పట్టుకుని.

"ఇరవై ఏడు."

"సార్ ఇరవై నాలుగన్నడని చెప్పినవ్ గద?"

"ఎదిగే పిల్ల హాషం. మడత వద్దా?"

"బాణానికి మడతేంది భాయ్!" అని కడుపు పట్టుకుని నవ్వాడు. కానీ ఇరవై ఏడుకే కోశాడు.

తాడు ఇరుక్కునే గాడిని చెక్క పొరలకి అడ్డంగా కోశాం, పొరల వెంట కోస్తే దెబ్బకి చీలిపోతుందట. రెండో కొసకి ఇనప ములికి బిగించాం. హాషం బావమరిది శంషాబాద్ దగ్గర టర్కీ కోళ్ళు పెంచేవాడు, ఈకలు అక్కణ్ణుంచి వచ్చాయి. ఒక బాణానికి మూడు ఈకలు, మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. కుడివీ ఎడమవీ కలిస్తే బాణం తడబడుతుంది. జిగురు ఆరాక, ఈక మొదట్లో పట్టుదారంతో చుట్టే పని సీత చేసింది. వంకాయ రంగు దారం పిల్ల ఏరుకుంది. వార్నిష్ రెండుసార్లు పూసి కొట్లో బట్టల తీగకి వేలాడదీస్తే, ఇంటర్వ్యూ కుర్రాళ్ళు వచ్చి "ఇదేం కోర్సు అంకుల్?" అని అడిగారు.

కామరాజుగారు వాటిని చూసి తల పట్టుకున్నారు. "ఇవేంటండీ, గొడుగు కర్రలా! పొట్టిదైతే ప్రమాదం, పొడుగైతే ప్రమాదం లేదు, నిజమే. కానీ బరువుకి ఊగుతూ పోయి కిందకి దిగిపోతాయి. పిల్లకి గురి ఎలా కుదురుతుంది?"

"పెరుగుతుంది కదండీ," అన్నాను.

పిల్ల ఆ ఏడంతా అందరికంటే కింద ఉంది. అది బాణం వేస్తే బోర్డు అడుగున తగిలేది, లేదా ముందు మట్టిలో దిగబడేది. నా మీద అలిగేది, కానీ బాణాల మీద అలగలేదు. ఆదివారం ఆదివారం గడ్డం దాకా లాగి, విల్లు దాటి ఎంత మిగిలిందో నా చేత కొలిపించేది. మొదట నాలుగంగుళాలు మిగిలింది. ఎనిమిది నెలలకి మూడు, ఆ తరవాత రెండు.

"ఇంకా రెండంగుళాలే నాన్నా! ఎనిమిదో క్లాసుకి సరిపోతా," అనేది. బాణం పిల్లకి సరిపోవడం కాదు, పిల్లే బాణానికి సరిపోవాలి. దాన్ని అలా పెంచాన్నేను.

ఎనిమిదో క్లాసు సరిగ్గా చదవలేదు. జ్వరం వచ్చి తగ్గలేదు. ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లగా కమిలేది. పంజాగుట్టలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తంలో జబ్బన్నారు. ఏడాదిపాటు ఆ ఆసుపత్రి మాకు ఇల్లయింది. జుట్టంతా ఊడింది. సీత మంచం పక్కనుంచి లేవలేదు, నేను కొట్టుకీ ఆసుపత్రికీ మధ్య ఆ తవ్విన రోడ్డు మీద తిరిగేవాణ్ణి. కనపడ్డవాళ్ళందరితో గొడవ పడ్డాను. కండక్టరుతో పడ్డాను, ఆటోవాడితో పడ్డాను, చేతిలో కోచింగ్ కాగితం పెట్టిన కుర్రాణ్ణి మెడపట్టి తోశాను.

ఒక మధ్యాహ్నం డాక్టరుగారు మా ఇద్దరినీ వరండాలోకి పిలిచారు. ఇంక మందులు పనిచెయ్యడం లేదన్నారు. ఇంటికి తీసుకెళ్ళి సంతోషంగా ఉంచమన్నారు. ఎన్నాళ్ళని అడిగితే, నెలలే అన్నారు. చిత్రం, ఆయన మీద నాకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోడానికి కూడా ఒంట్లో ఏదో కాస్త ఉండాలి, అదీ పోయింది.

ఆ వరండాలోనే సీత నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది.

"దానికి తెలియకూడదండీ. తెలిసిందంటే ఆ రోజే బెంగతో పోతుంది. నా మీద ఒట్టు."

ఒట్టేశాను. ఆ రోజునుంచి మా ఇద్దరికీ అదొక్కటే పని. పిల్ల ఉన్నన్నాళ్ళూ ఏమీ తెలియకుండా ఉండాలి. బాగైపోతోందనే నమ్మకంతో ఉండాలి. సీత ఆ పనిలో నన్ను మించిపోయింది. తొమ్మిదో క్లాసు పుస్తకాలు తెప్పించి అట్టలు వేసింది. ఓణీల ఫంక్షనుకి ఏ రంగు పట్టు బాగుంటుందో పిల్లని అడిగేది. ఒకరోజు యూనిఫారం గుడ్డ కొనుక్కొచ్చి పిల్ల ఎదుటే నాకిచ్చింది.

"వచ్చే జూన్‌కి కుట్టెయ్యండి. మడత మూడంగుళాలు పెట్టండి. జబ్బు తగ్గాక పిల్లలు ఒక్కసారిగా పొడుగవుతారట," అంది.

ఆ గౌను నేను కుట్టాను. మూడంగుళాల మడత పెట్టాను. మిషను చప్పుడు ఆపకుండా తొక్కితే ఏడుపు బయటికి వినపడదని అప్పుడే తెలుసుకున్నాను. కుట్టి తెచ్చాక పిల్ల మడత వేళ్ళతో తడిమి చూసి, "అమ్మో, మూడే!" అని నవ్వింది.

ఇంటికొచ్చిన మూడో వారంలో పిల్ల విల్లు అడిగింది. సీత వద్దంది. డాక్టరుగారు సంతోషంగా ఉంచమన్నారు కదా అని నేను తీసుకెళ్ళాను. ఆదివారం పొద్దున్న, మైదానంలో ఎవరూ లేరు. కామరాజుగారు చిన్నపిల్లల తేలిక విల్లు ఇచ్చి, బోర్డుని పది మీటర్లకి జరిపి, ఒక కుర్చీ వేశారు. ఏదో పనుందంటూ ఆయన అవతలికి వెళ్ళిపోయారు. కళ్ళు తుడుచుకోడానికని నాకు తెలుసు.

పిల్ల తాడు లాగింది. గడ్డం దాకా రాలేదు. రొమ్ము దగ్గరే చేతులు వణికి ఆగిపోయాయి. అది బలంకొద్దీ లాగింది ఇరవై అంగుళాలు. నా ఇరవై ఏడంగుళాల బాణం విల్లు దాటి ఏడంగుళాలు బయటికి మిగిలింది. వదిలితే సగం దూరం పోయి మట్టిలో పడింది. ఆరూ అంతే. ఒకప్పుడు రెండంగుళాలకి తగ్గిన మిగులు ఏడుకి పెరిగింది. కొలతలతో బతికినవాణ్ణి, ఆ కొలత నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

"బాణాలు పెద్దవైపోయాయి నాన్నా," అంది ఆయాసపడుతూ.

"నీకింకాస్త బలం రానీ."

"ఒక్కసారి బోర్డుకి తగిలితే బాగుండు."

ఎన్నో ఏళ్ళుగా అది నన్నడిగిన ఒకే ఒక కోరిక, తనకి సరిపోయే వస్తువు. నేను మర్నాడే హాషం దగ్గరికి వెళ్ళాను.

"ఆరు బాణాలు. సన్నటివి, తేలిగ్గా ఉండాలి. ఇరవై ఒకటికి కొయ్యి."

అతను చెవి దగ్గర పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇరవై ఒకటేంది భాయ్? అప్పుడు ఇరవై ఏడు అంటివి. బిడ్డ మంచిగై పెరుగుతది గద. జర ఎక్కువ పెట్టు."

"కొలతంటే కొలతే! చెప్పినంత కొయ్యి!" అని సందంతా వినపడేలా అరిచాను.

అరిచాక నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకు తెలిసింది. అక్కడే ఫ్రేముల మధ్య కూలబడి ఏడ్చాను. నేనూ సీతా దాచుకున్న మాట హాషంకి చెప్పేశాను. అతను నాకు మంచినీళ్ళిచ్చి, షట్టరు సగం దించి, చెక్క తీసి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. ఈసారి దారం నేనే చుట్టాను. సీతకి పిల్ల దగ్గర్నుంచి లేచే తీరిక లేదు. దారం చుడుతున్నంతసేపూ ఒకటే ఆలోచన, బోర్డుకి తగలాలి. ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేది.

తరవాతి ఆదివారం మళ్ళీ మైదానానికి వెళ్ళాం. మొదటి బాణం బోర్డు అంచుకి తగిలింది. పిల్ల నోరు తెరిచి నా వైపు చూసింది. రెండోది పక్కకి పోయింది. మూడోది నడుమ పసుపు చుక్కకి బెత్తెడు దూరంలో దిగింది. ఆరింట్లో నాలుగు బోర్డులో ఉన్నాయి. ఏడాదిన్నర తరవాత అది గట్టిగా నవ్వడం విన్నాను. నేను పరిగెత్తుకెళ్ళి బాణాలు పీక్కొచ్చాను. నా జన్మలో ఏ సూటు కుట్టినప్పుడూ అంత గర్వపడలేదు.

"ఎంత బాగా సరిపోయాయి నాన్నా!" అంది. ఒక బాణం ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. నా మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. చెయ్యి చాచి దాన్ని లాక్కుంది, ఆట కోసం అనుకున్నాను. బాణం కొలిచింది.

"ఇరవై ఒకటి. నేను లాగేది ఇరవై. ఇంకొకటి వేళ్ళకి." లెక్క అక్కడ ఆగింది. "మరి మడతేది నాన్నా?"

"మర్చిపోయానే," అన్నాను.

పిల్ల నా మొహం వైపు చూసింది. ఎండ మొహాన పడుతున్నా కళ్ళు తిప్పుకోలేదు.

"నువ్వు మడత మర్చిపోవు నాన్నా," అంది.

కోపంగా అనలేదు. నన్ను ఓదారుస్తున్నట్టే అంది. వచ్చే ఏటికి పెద్దవి చేస్తానని చెప్పబోయి తల దించుకున్నాను. అంతకంటే జవాబు ఇంకేం కావాలి. అది బోర్డు వైపు తిరిగింది. ఏడవలేదు. గడ్డం కింద స్కార్ఫు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది.

"అమ్మకి తెలుసా?"

తలూపాను.

"నాకు తెలుసని అమ్మకి చెప్పకు. రోజూ కష్టపడి ఏవేవో చెబుతోంది కదా, చెప్పుకోనీ. ఈ బాణాలు కూడా ఇంటికి తేకు. చూసిందంటే కొలుస్తుంది."

నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చుని దాని పాదాలు పట్టుకుని ఏడ్చాను. తండ్రిని, ధైర్యం చెప్పాల్సినవాణ్ణి. అది నా తల మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఉంచింది.

"ఇంకోసారి వేస్తా. ఏరుకొస్తావా?" అంది.

అలసట వచ్చేదాకా వేసింది. ప్రతిసారీ ఏరుకొచ్చాను. వెళ్ళేటప్పుడు ఆరూ హాషం కొట్లో ఇచ్చేశాను. ఇంటికెళ్ళాక సీత ఎలా ఆడావని అడిగితే, "ఆ బాణాలింకా నాకు పొడుగేనమ్మా. వచ్చే ఏడాదికి సరిపోతా," అంది. అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింది, అమ్మ చూస్తోందని. ఆ తరవాత ఓణీ రంగుల గురించి అదే ఎదురు అడిగేది, ఆకుపచ్చకి ఎరుపు అంచు బాగుంటుందా అని. సీత మొహం వెలిగిపోయేది. నేను లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ రోజునుంచి నలభై ఒక్క రోజులున్నాము ముగ్గురం. శ్రావణ మాసంలో ఒక పొద్దున్న, అమ్మ జడ వేసుకుంటుంటే చూస్తూ చూస్తూ కళ్ళు మూసింది.

ఇప్పటికీ చుట్టాలెవరైనా వచ్చి పిల్ల మాట ఎత్తితే సీత ఒకటే చెబుతుంది. "దానికి ఏమీ తెలియదండీ. చివరిదాకా వచ్చే ఏడాది గురించే మాట్లాడింది. తెలియకుండా పోయింది, నాకు అదొక్కటే నిమ్మళం." చెప్పి నా వైపు చూస్తుంది. ప్రతి మాటకీ కస్సుమనేవాణ్ణి, ఈ ఒక్క మాటకి మాత్రం అవునంటాను.